ఒక్క మీట పెట్టె షేర్లు

ఏమండీ,

షేర్ల ఫారం బల్ల మీద మీ కళ్ళజోడు కింద పెట్టాను. సంతకం చేసి నాలుగింటిలోపు బ్యాంకులో ఇచ్చేయండి, ఇవాళే ఆఖరి రోజు. కూర వేడి చేసుకుని తినండి. నాకు డ్యూటీకి టైమైంది.

ఫారంలో మీరనుకున్న పెద్ద కంపెనీ పేరు లేదని కంగారు పడకండి. షేర్ల గురించి వాళ్ళు అచ్చేసిన రంగుల పుస్తకాన్ని పది రోజులుగా తిరగేస్తున్నారు గానీ, వాళ్ళు చేసే, టీవీకి తగిలించుకునే ఇంటర్నెట్ పెట్టెని ఒక్కసారైనా ముట్టుకున్నారా? నేను రెండు కంపెనీల పెట్టెలూ తెచ్చి అత్తయ్య చేతికిచ్చాను. పెద్ద కంపెనీ పెట్టెతో కుస్తీపడుతూ ఆవిడ నన్ను ఏడుసార్లు పిలిచారు. చిన్న కంపెనీ పెట్టెకి ఉన్నది ఒకటే మీట, నొక్కి ఏం కావాలో నోటితో చెబితే చాలు. అది నొక్కి మీ పిన్నితో గంటసేపు కబుర్లాడారు. ఒక్కసారే పిలిచారు, అదీ టీ కోసం. నాకంతకంటే లెక్కలక్కర్లేదు. మన డబ్బు ఆ చిన్న కంపెనీలోనే పెడుతున్నాం.

కోపమొస్తే సాయంత్రం తీరిగ్గా పోట్లాడుకుందాం. సంతకం మాత్రం ముందు చేసేయండి.

అన్నట్టు, మీతో చెప్పొద్దన్నారు గానీ, అత్తయ్య నిన్ననే ఆ ఒక్క మీట పెట్టెలోంచి తన పేరున అదే కంపెనీ షేర్లకి దరఖాస్తు పెట్టేసుకున్నారు. "వాడు ఆ పుస్తకం పూర్తిచేసేసరికి నేను ముసలిదాన్నవుతా" అన్నారు. నన్ను పిలవనే లేదు.