నలభై రెండు పచ్చ గళ్ళు

పళ్ళిపట్టు,
ఆడి నెల 28 (ఆగస్టు 13), బుధవారం.

చి.ల.సౌ. ప్రియదర్శినికి, నీ బావ శశికుమార్ దీవించి, ప్రేమతో రాసేది. ఇక్కడ అమ్మ, వర్షిత, నేను ముగ్గురం క్షేమం. అక్కడ మస్కట్‌లో నువ్వూ, నీ వార్డులో పడుకున్నవాళ్ళూ క్షేమంగా ఉండాలని తిరుత్తణి కొండ వైపు తిరిగి దండం పెట్టుకుని కలం పట్టాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. మొదలుపెట్టింది నువ్వే. మీ ఆస్పత్రిలో నీతో పనిచేసే మోనిషా సెలవులో వస్తూంటే నాలుగు పేజీలు రాసి పంపావు. మోనిషా శుక్రవారం మళ్ళీ విమానం ఎక్కుతోంది, ఈ కవరు తన చేతిలోనే వస్తుంది. ఐదో తరగతి దాకే నాది తెలుగు బడి, తర్వాతదంతా తమిళం. ఒత్తులు తప్పితే మన్నించు. మురుకుల డబ్బా మూత తీసేముందు దీన్ని చదివెయ్యి.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నువ్వు చెప్పిన తైలం రాస్తోంది. రాసిన ప్రతిసారీ "నా కోడలు నర్సు. రేపు వచ్చి నర్సరీ పెడతాదంట. మనుషుల్ని చూసినాక ఇంక చెట్లని చూస్తాదంట" అని వీధిలో పోయేవాళ్ళను పిలిచి మరీ చెబుతుంది. వర్షిత పై పళ్ళు రెండూ వచ్చేశాయి. తమిళం గడగడా చదువుతోంది, తెలుగు అక్షరాలు చూస్తే మాత్రం జిలేబీలంటుంది. ఇక నా డ్యూటీ సంగతి. ఆడి కృత్తిక దగ్గరపడింది కదా, తిరుత్తణికి స్పెషల్ బస్సులు వేశారు. కావళ్ళ మధ్యలోంచి ఒక్కో టిక్కెట్టు కొట్టేసరికి నా చొక్కా ఏ రంగో నాకే తెలియడం లేదు.

నేను పంపిన మల్లితోట ఫోటోలో వెనకాల నీలం గోడ ఎవరిదని కూడా అడిగావు. అది చెప్తాను, కాస్త ఆగు.

తై నెలలో, సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు ఇంటి వెనక జాగా అంతా టేపు పట్టి కొలిచావు. ఇంటర్‌నెట్‌లో ఆ తోట ప్లాను పేజీ తెరిచి, నలభై రెండు గళ్ళు గీసి, ఏ గడిలో ఏ మొక్కో పెట్టావు. మల్లి, కనకాంబరం, వంగ, టమాటా, చిక్కుడు, మూలన నిమ్మ. ఏరోజు ఏ పనో అదే నా ఫోన్‌కు చెబుతుందని, పని చేసి బటన్ నొక్కితే మస్కట్‌లో నీకు కనిపిస్తుందని, ఒక మొక్క పనులన్నీ తీరితే దాని గడి పచ్చబడుతుందని నేర్పించావు. వెళ్ళేరోజు వర్షితను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్న మాట నాకు గుర్తుంది. "అన్ని గళ్ళూ పచ్చగా అయిన రోజు అమ్మ వచ్చేస్తాది. మళ్ళీ పోదు."

నీ ఉత్తరం చివర రాశావు. "నలభై ఒకటి పచ్చబడినాయి బావా. నిమ్మ ఒక్కటే ఉంది. ఆగస్టు ఇరవయ్యో తేదీలోపల ఇంకో మూడేళ్ళకు కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి, లేదంటే వద్దని చెప్పాలి. వద్దని చెప్పేస్తాను. సరే అని ఒక్క మాట రాయి." ఆ ఒక్క మాట రాయలేకే ఇంతసేపు మోకాలూ పళ్ళూ అంటూ తిరుగుతున్నాను.

ఆదివారం మోనిషా కడంబత్తూరు నుంచి రైల్లో తిరుత్తణి వచ్చి, అక్కడినుంచి బస్సులో మనింటికి వచ్చింది. అమ్మ కాఫీ ఇచ్చింది. కాఫీ తాగి "అక్క తోటను వీడియో తీసుకొని రమ్మన్నాది అన్నా" అంటూ పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. అటూ ఇటూ చూసి, "తోట యాడన్నా?" అంది.

ప్రియా, తోట లేదు. నలభై రెండు గళ్ళలో ఒక్క మొక్క కూడా ప్రాణంతో లేదు.

ఇది ఎలా మొదలైందో చెబితే నన్ను పిచ్చివాడంటావు. మే నెల కత్తిరి ఎండల్లో ఒక ఉదయం మోటారు వేస్తే గాలి తప్ప చుక్క రాలేదు. బోరు ఎండిపోయింది. తల పట్టుకుని నిల్చుంటే ఫోన్ టింగుమంది. "మల్లి. నీళ్ళు." కింద రెండు బటన్లు. ఒకటి "అయిపోయింది", రెండోది "తర్వాత". నీళ్ళు నిజంగానే అయిపోయాయి కదా! తర్వాత అందామంటే ఎప్పుడొస్తాయో నాకేం తెలుసు? నీకు సంగతి తెలియాలనే, నిజాయితీగా "అయిపోయింది" నొక్కాను. మల్లికి మిగిలిన పని అదొక్కటే, దాని గడి పచ్చబడింది. ఆ బటన్‌కు తెలుగు ఎవరు నేర్పారో గానీ వాళ్ళింట్లో ఎప్పుడూ నీళ్ళు అయిపోయినట్టు లేదు.

సాయంత్రం ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. నువ్వే ముందు చేశావు. నీ వార్డులో ఒక చిన్నపిల్ల పోయిందని, పగలంతా ఏడ్చానని చెప్పావు. "నీళ్ళు పెట్టేసినావంట కదా బావా, మల్లి గడి పచ్చగా ఉండాది. ఈరోజు నాకు అదొకటే మంచిమాట" అన్నావు. ఆ మాట విన్నాక నీళ్ళు లేవని ఏ నోటితో చెప్పను? బోరు ఇంకా లోతుకు దించుతున్నాం కదా, నాలుగు రోజుల్లో సరిచేస్తాను, ఎవరికీ తెలియకుండానే పోతుంది అనుకున్నాను.

బోరు దించితే నీళ్ళు వచ్చాయి. ఉప్పునీళ్ళు. మొదట ఆకుల అంచులు కాలాయి, ఆ తర్వాత మట్టి మీద తెల్లగా పొర కట్టింది. సీసాలో పట్టుకుని తిరువళ్ళూరు వెళ్ళి పరీక్ష చేయించాను. అక్కడాయన కాగితం చూసి "ఇంద తణ్ణి చెడిక్కు ఆగాదు సార్" అన్నాడు, ఈ నీళ్ళు మొక్కలకు పనికిరావని. తమిళంలో చెడి అంటే మొక్క. మనకు చెడి అంటే చెడిపోవడమే. ఆరోజు బస్సులో వస్తూ ఈ రెండూ ఒకటే మాటేమో అనిపించింది. ఉప్పు దిగాలంటే రెండు మంచి వానాకాలాలు కావాలట. మందేమైనా ఉందా అంటే లేదన్నాడు. వానను నేనెక్కడినుంచి తెచ్చేది?

అమ్మ ఎండిన కట్టెలు పీకి నీళ్ళపొయ్యిలో పెట్టింది. "దానికి చెప్పెయ్‌రా, దాచేకొద్దీ ఎక్కువైతాది" అని రోజూ అంటూనే ఉంది. "సుమ్మా ఉండమ్మా" అని కసిరేవాణ్ణి. అటు ఫోన్ అడుగుతూనే ఉంది. వంగకు ఎరువు? చిక్కుడుకు పందిరి? టమాటా కోత? అన్నింటికీ ఒకటే జవాబు, అయిపోయింది. అయిపోయింది. పండగరోజు బస్సులో ముఖాలు చూడకుండా టిక్కెట్లు కొట్టినట్టు కొట్టుకుంటూ పోయాను. ప్రతిదీ నిజమే, ప్రతిదీ అబద్ధమే. నువ్వు ఫోటో అడిగినప్పుడు, పొదటూరుపేటలో డ్రైవరు టీ తాగుతుంటే రోడ్డు పక్కన ఎవరిదో మల్లితోట తీసి పంపాను. నీలం గోడ వాళ్ళది. సిగ్గుతో చచ్చిపోతున్నాను ప్రియా.

మోనిషా మంచి పిల్ల. ఫోన్ బ్యాగులో పెట్టేసుకుని, "నేను అక్కతో ఏం చెప్పనన్నా. ఆమె అడిగితే అబద్ధమూ చెప్పను. మీరే రాసియ్యండి, ఎత్తుకొని పోయి ఇస్తా" అంది.

నిమ్మ ఒక్కటే చాలా రోజులు పోరాడింది. కుండతో మంచినీళ్ళు తెచ్చి పోశాను. పోయిన వారం అదీ పోయింది. దాని బటన్ మాత్రం నొక్కలేదు. ఆ ఒక్క గడీ తెల్లగా ఉన్నంతకాలం నువ్వు సంతకం మానవు కదా అని నా ధైర్యం.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఆ నిమ్మ గుంత దగ్గర కూర్చున్నాను. వర్షిత వచ్చి నా ఫోన్ తీసుకుంది. బడి నుంచి రాగానే గళ్ళు లెక్కపెట్టడం దానికి రోజూ ఉన్న పనే. ఎండిన పెరడు దాని కళ్ళముందే ఉంది. కానీ దానికి తోట అంటే ఫోన్‌లో ఉన్నదే, ఎందుకంటే అమ్మ ఉండేదీ ఆ ఫోన్‌లోనే. "నాయినా, నిమ్మ ఇంకా అయిపోలేదా?" అంది. నేను గుంతనే చూస్తూ, ఏ ఆలోచనా లేకుండా, "అయిపోయిందమ్మా" అన్నాను.

అది నొక్కేసింది. నేను తల తిప్పేలోపల నలభై రెండూ పచ్చబడ్డాయి. "అవ్వా, అమ్మ వచ్చేస్తాది!" అని అరుస్తూ ఇంట్లోకీ, ఇంట్లోంచి వీధిలోకీ పరిగెత్తింది. వెంటనే నీకు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తగానే "చూసినా బావా, చూసినా!" అని ఏడుస్తూ నవ్వావు. "మోనిషా తెచ్చే ఉత్తరం చదివేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దు" అని మాత్రం అనగలిగాను. సంతోషంలో నువ్వు ఆ మాట విన్నావో లేదో కూడా తెలియదు. విని ఉంటే చాలు.

ఇప్పుడు నువ్వడిగిన ఒక్క మాట. సంతకం పెట్టమని రాయడానికి చెయ్యి రావడం లేదు, పెట్టొద్దని రాయడానికి ముఖం లేదు. వచ్చేయమంటే ఏమి చూపించి రమ్మనేది? ఉండమంటే ఇంకో మూడేళ్ళు వర్షితకు ఏం చెప్పేది? నువ్వు ఏది చేసినా నిన్ను ఒక్క మాట అనను, అమ్మనూ అననివ్వను. అంతకు మించి నా చేత కావడం లేదు.

పొద్దున్నే వర్షిత నీ పాత చెప్పులు కడిగి గడప పక్కన ఎండకు పెట్టింది. వాటిని దాటి లోపలికి వెళ్ళలేక తిన్నె మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. దాన్ని కోప్పడొద్దు ప్రియా. నేను చెప్పిన నిజాన్నే అది నొక్కింది.

ఇట్లు,
నీకు నిజం చెప్పడానికి మూడు నెలలు పట్టిన
నీ బావ,
శశికుమార్