మగ్గం మీద నుంచి అరిచిన పాస్‌వర్డ్

నాయనా,
నువ్వు పట్టు తెచ్చుకొని రాంగానే ఇది చదువు. ఫోన్ సంగతి చెల్లి చెప్పింది. కంప్యూటర్ కంపెనీ అని చేసినోడు మళ్లీ చేస్తే ఏమీ చెప్పొద్దు. కంపెనీ వాళ్లెవరూ మెయిల్ పాస్‌వర్డ్ అడగరు, వాడు దొంగ. మన పెళ్లి చీరల కొత్త డిజైన్లన్నీ ఆ మెయిల్‌లోనే ఉండాయి. వాడు తెరిచేలోపల పాస్‌వర్డ్ మార్చాలని నెట్ సెంటర్‌కు పరిగెత్తుతాండా. లేకుంటే మన అంచులు ధర్మవరమంతా నేస్తారు, మన మగ్గం ఆగిపోతాది.

సంగటి మూత కింద పెట్టినా, తిను.

మగ్గం సప్పుడుకు వినపడలేదని వాడంటే, అంత గట్టిగా అరిచి చెప్తారా నాయనా?

ఈశ్వరి

పాస్‌వర్డ్ అమ్మ పేరే కదా. ఆమె పోయినాక నువ్వు ఆ పేరు పిలిచింది ఈ పొద్దే. అమ్మ పలుకుతాదేమోనని పెరట్లో బట్టలు పట్టుకొని అట్లే నిలబడిపోయినా. ఆ నిలబడిన సేపే వాడికి చాలేమో.