కంది చేను పురుగు, కుంట పురుగు

ఆగస్టు 6, 1991
ఎనిమిదో తరగతికి వేటాడే పురుగుల పాఠం చెప్పాలి. ఇంట్లో కిటికీలో రెండు సీసాలు. ఒకదాంట్లో కంది చేలో దొరికిన గొల్లభామ. రెండోదాంట్లో ఊరి కుంట నీళ్లు, అందులో తూనీగ పిల్ల. ఇంకా రెక్కలు రాలేదు, బురద రంగు.
గొల్లభామ ముందు కాళ్లు మడుచుకుంది. అత్తమ్మ అంటుంది— "సూడు, దండం వెట్టుకుంట కూసుంది... కండ్లు మాత్రం ఈగ మీదనే!"
మా చర్చిలో ముందు వరసా అంతే. నవ్వు ఆగలేదు.

ఆగస్టు 8
గొల్లభామ కాళ్లతో ఒడిసిపడుతుంది. తూనీగ పిల్ల కింది పెదవిని విసిరి పట్టేస్తుంది. దోమ పిల్ల కదిలిందో లేదో, మాయం. రెంటికీ ఓపిక ఎంతో. నాకు లేనిదే అది.

ఆగస్టు 9
రాత్రంతా వాన. సీసా వాసన వస్తోందని మా ఆయన సణుగుడు. రోజంతా మందుల ఫ్యాక్టరీలో ఉండే మనిషికి ఈ వాసన తెలిసిందట! పాత నీళ్లు పారబోసి, కుంట నుంచి కొత్తవి తెచ్చి పోశాను.

ఆగస్టు 10
తూనీగ పిల్ల చచ్చిపోయింది. గొల్లభామ హాయిగా ఈగను నములుతోంది.
నా చేతి సబ్బు అంటిందా? బడి తొట్టిలో ఇంకో రెండు దొరికాయి. ఒకదాన్ని తొట్టి నీళ్లలోనే ఉంచాను. ఒకదాన్ని కుంట నీళ్లలో...

ఆగస్టు 11
కుంట నీళ్లలోది చచ్చింది. తొట్టి నీళ్లలోది వేటాడుతోంది.
మా ఆయనకు చూపించాను. తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత మెల్లగా— "ఫ్యాక్టరీ నీళ్లు వానవడ్డప్పుడు వాగుల ఇడుస్తరు. ఎవలకు ఎర్కైతది?" ఆ వాగు వచ్చేది మన కుంటలోకే కదా అన్నాను.
"గీ ముచ్చట బయట అనకు. నా నౌకరి వోతది."
భయం వేసింది. కోపం అంతకన్నా ఎక్కువ.

ఆగస్టు 12
గొల్లభామను చేలో వదిలేశాను. దానికేం, దాని చోటు బాగానే ఉంది.
సాయంత్రం పక్కింటి యాదమ్మ సూడి బర్రెను తోలుకుపోతూ కనబడింది. ఆమెకున్నది అదొక్కటే. "ఉక్కకు పరేషాన్ అయితుంది టీచరమ్మా, జెర కుంటల పండుకుంటది."
మా ఆయన గడపలో నిలబడి నన్నే చూస్తున్నాడు.
"కుంటకు వద్దు యాదమ్మా. ఇయ్యాల ఈడనే కట్టెయ్."
"ఎందుకు?"
"పొద్దుగాల చెప్త."
కట్టేసి వెళ్లింది. మా ఆయన బోరింగు కొట్టి, బకెట్ తెచ్చి బర్రె ముందు పెట్టాడు. అన్నం తినలేదు.
తెల్లారితే యాదమ్మ బర్రె కోసం వస్తుంది.