రైలును వెనక్కి నెట్టిన రోజు

1936 ఆగస్టు, బుధవారం రాత్రి

తప్పు గార్డుది. ఇవాళ కొల్లేటి నీళ్ళు పట్టాలెక్కితే ప్యాసింజరును ఇంజను వెనక్కి నెట్టుకొస్తోంది. అప్పుడు ముందుకొచ్చే చివరి పెట్టెలో నిలబడి దారి చూడవలసిన గార్డు, వాన పడుతోందని తలుపు మూసుకుని కూర్చున్నాడు. గేటులో పట్టాలు దాటుతున్న ఎడ్లబండిని గుద్ది ఎద్దును చంపేశారు. రైలు తిరిగొస్తోందని గేటుమన్ కోటయ్యగారికి ఎవరూ చెప్పలేదు. నింద మాత్రం ఆయన మీదే. రేపు స్టేషన్లో విచారణ, ఆయన ఉద్యోగం పోయేలా ఉంది.

నాన్నగారు గార్డుగా ఉన్న తాడేపల్లిగూడెం రోజులు గుర్తొచ్చాయి. రైలును ఇలా నెట్టేటప్పుడు చివరి పెట్టె మెట్టు మీద పచ్చజెండాతో తడుస్తూ నిలబడేవారు. రైలు మనిషి నడకను మించేది కాదు. పక్కనే నడుస్తూ చేపల గంపల ఆడవాళ్ళు, "లోపలికెళ్ళండి బాబూ, జొరమొస్తదండీ" అనేవారు.

"ఇప్పుడు డ్రైవరుకి నేనే కళ్ళమ్మా!" అని నాన్నగారు నవ్వేవారు.

సాయంత్రం ఈ గార్డు మీద, నేను పంచే కార్మికసంఘం కరపత్రాల భాషలో అరిచేశాను. కోటయ్యగారే నా చెయ్యి పట్టుకున్నారు. "మీ కరపత్రాల మాటలొద్దు బాబూ. చూసినోళ్ళు నలుగురు చెబితే చాలండీ."

సిగ్గేసింది. ఇల్లిల్లూ తిరిగాను. సాక్ష్యమంటే అందరికీ భయమే. ఎంతమంది వస్తారో... అందరికీ ఒకటే చెప్పాను: చూసినవాళ్ళందరూ రేపు పొద్దున్న తొమ్మిదింటికి స్టేషన్ ముందుకు రండి.