బాబాయ్ నోరు మూసుకున్న రోజు

మార్చి 4
సీటీ రూమ్‌లో డ్రిల్. స్కాన్ ముందు ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఎవరికైనా పడకపోతే ఏం చేయాలో స్టాఫ్‌కి నేర్పే నర్సుని నేనే. పేషెంట్ వేషం ఎప్పుడూ స్ట్రెచర్ తోసే బాబాయ్‌దే. ఆయాసం మాత్రమే నటించమన్నాను. ఆయన గుండె పట్టుకుని, ఆస్తి పంచి, టెక్నీషియన్‌కి తన సైకిల్ రాసిచ్చి, రెండుసార్లు చచ్చిపోయాడు. అందరూ చప్పట్లు. ఎమర్జెన్సీ ట్రే తెరిస్తే అలాంటప్పుడు ప్రాణం నిలబెట్టే ఎడ్రినలిన్ సూది ఉండాల్సిన చోట స్కాన్ డాక్టర్‌గారి బిస్కెట్లు. ఒళ్లు మండిపోయింది.

మార్చి 5
బిస్కెట్లు తీసి చెత్తబుట్టలో పారేశాను. ఎడ్రినలిన్ పెట్టి లేబుల్ అంటించాను. డాక్టర్‌గారు మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ.

మార్చి 11
మళ్లీ డ్రిల్. ఈసారి చచ్చిపోయే ముందు బాబాయ్ పాట కూడా పాడాడు.

మార్చి 19
మెట్లెక్కితే బాబాయ్‌కి ఛాతీ పట్టేస్తోందట. రేపు హార్ట్ సీటీ. ఎలర్జీలున్నాయా అని అడిగితే పొద్దుటి డ్యూటీ ఒక్కటే పడదన్నాడు. ‘లేవు’ అని రాశాను.

మార్చి 20, మధ్యాహ్నం
గుండె నెమ్మదించే మాత్ర ఇచ్చి పడుకోబెట్టాం. కాంట్రాస్ట్ ఎక్కుతుంటే ఒళ్లు వెచ్చబడుతుంది, బట్టలు తడిసినట్టుంటుంది, తడవవు అని చెప్పాను. మైకులో చచ్చాన్రోయ్ అని అరిచాడు. అద్దం ఇవతల డాక్టర్‌గారు, టెక్నీషియన్ పడీ పడీ నవ్వారు. తర్వాత చప్పుడు లేదు. ఇదేదో కొత్త సీను అన్నాడు టెక్నీషియన్. బాబాయ్ మాట్లాడకపోవడమేంటి? చచ్చిపోయాక కూడా వాగే మనిషి! లోపలికి పరిగెత్తాను.

పెదాలు వాచిపోయాయి. మెడనిండా దద్దుర్లు. ఊపిరి ఈల వేస్తోంది. బీపీ డెబ్భై. ట్రే లాగి, ఎడ్రినలిన్ తొడకి పొడిచాను. ఆక్సిజన్, సెలైన్. కాళ్లు ఎత్తి పట్టుకున్నది డాక్టర్‌గారే. ఐదు నిమిషాలైనా బీపీ లేవలేదు. గుండె నెమ్మదించే మాత్ర సూదికి అడ్డుపడుతోందేమో, ఇంకో సూది వెయ్యమన్నారు. వేశాను. అప్పుడు లేచింది.

సాయంత్రం
ఐసీయూలో బాబాయ్‌కి మాట వచ్చింది. సైకిల్ ఇచ్చేది లేదని టెక్నీషియన్‌కి కబురు పంపాడు. బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. ఎంత భయపడ్డానో నాకే తెలుసు.

ఏప్రిల్ 15
డ్రిల్. వద్దన్నా వినకుండా బాబాయే పడుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ నవ్వలేదు. ట్రే డాక్టర్‌గారే పరిగెత్తి తెచ్చారు. డ్రిల్ సంగతే మర్చిపోయి నేను నిజమైన సూది తొడ దాకా తెచ్చాక, ఒక కన్ను తెరిచాడు.