తెల్లకన్ను బాతుకు దాక్కునే చోటు

ఏమండీ,

మీరు లేకుండా వచ్చిన మొదటి చలికాలం ఇది. ఆదివారం పొద్దున్నే మన అమ్మాయి స్వాతి జనక్‌పురి నుంచి కారులో నన్ను మీ గుర్గావ్ చెరువుకు తీసుకెళ్ళింది. చెరువును బాగుచేశారట! గట్టు మీద బెంచీలు వేసి, ఒడ్డున మనిషెత్తు పెరిగే జమ్ముగడ్డి అంతా పీకేశారు.

"అబ్ బత్తఖ్ సాఫ్ దిఖేంగే, ఆంటీజీ," అన్నాడు కాపలా భయ్యా సంబరంగా. బాతులు ఇక బాగా కనిపిస్తాయట. మామూలు బాతులు కనిపించాయి. మీ తెల్లకన్ను బాతు మాత్రం లేదు.

"అరుదైపోతున్న పిట్టోయ్. దానికి లోతులేని నీళ్ళు, దాక్కోవడానికి జమ్ము కావాలి. మనకు కనబడని చోటే దానికి ఇల్లు," అనేవారు మీరు. గంటసేపు ఎదురుచూస్తే జమ్ము సందున ఎర్రమట్టి రంగు వీపు ఒక్కసారి కదిలేది. మీరు నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు.

"మమ్మీ, ఇంత డల్ శాల్ క్యోఁ?" అని, ఇదెందుకు కప్పుకున్నావని స్వాతి విసుక్కుంది. రంగుచీర చూస్తే బాతు బెదురుతుందని మీరు కొనిపెట్టిన మట్టిరంగు శాలువా అది. అప్పట్లో ఎంత సణిగేదాన్నో! ఈసారి ఎవరూ చెప్పకుండానే కప్పుకున్నాను. ఆ బోసి నీళ్ళ ముందు చాలాసేపు కదలకుండా కూర్చున్నాను, ఒకవేళ వస్తే బెదరకూడదని.