ఆఖరి జాడీ

అమ్మా,

నువ్వు పోయాక ఇదే మొదటి వేసవి. నాన్న చేసుకొచ్చిన చిన్నమ్మ నిన్న కామసముద్రం మామిడితోటలో బంధువులకు వనభోజనం పెట్టింది. బల్లమీద నీ పెళ్లి పట్టుచీర పరిచింది. నిరుడు నువ్వు పెట్టిన మామిడి ఊరగాయలో మిగిలిన ఆ ఒక్క జాడీని తను పెట్టినట్టే పెరుగన్నంలోకి వడ్డించింది. నాన్న గుర్తుపడతాడని ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఆయన వేలు చీకుతూ అన్నాడు: "ఏం పాపా, మీయమ్మ చేతికి ఈ రుచి యాడుండాది?"

"పోయినామెని ఎందుకంటారులే, ఇంగొంచెం ఏసుకోండి," అంది చిన్నమ్మ మురిసిపోతూ.

అది నీదేనని చెప్పబోయి, నోట్లో ముద్ద పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఆమె జాడీ కడిగి, ప్లాస్టిక్ పూలు గుచ్చి, టీవీ పక్కన అలంకరించింది. ఎంత కడిగినా ఆ పూలనుంచి ఇంకా ఆవపిండి వాసనే వస్తోంది. నాన్న వాటి పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నాడు.